ఉప్పుగాలికి విరుగుడు మంచినీరే
వేట విరామంలో పడవ, ట్రాలీ, బండి, ఇంటి మరమ్మతులు: తీరవాసులు తెలుసుకోవాల్సిన వివరాలు

భోగాపురం: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు తూర్పు తీరంలో ఇంజను పడవల వేటకు విరామం. ముక్కాం, చేపలకంచేరు మొదలు పూసపాటిరేగ మండలంలోని కోనాడ, చింతపల్లి వరకు ఇసుక తిన్నెలపై పడవలు వరుసగా నిలిచిపోతాయి. ఇంటింటా వలలు అల్లే పని మొదలవుతుంది. వల విషయంలో మత్స్యకారునికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. చిక్కంతా ఇంజను దగ్గరే. దానికి టార్పాలిన్ కప్పి మూలన పెట్టడం, జూన్ రెండో వారంలో తాడు లాగితే అది కదలకపోవడం, అప్పుడు మెకానిక్ ఇంటి ముందు బారులు తీరడం ఏటా కనిపించే దృశ్యమే. వేట భృతిని ప్రభుత్వం 2025లో రూ.20 వేలకు పెంచింది. ఆ మొత్తంలో సగం తుప్పు పట్టిన విడిభాగాలకే పోతే కుటుంబానికి మిగిలేది తక్కువ. డబ్బు నష్టం ఒక ఎత్తయితే, ఒడ్డు కనిపించని దూరంలో ఇంజను ఆగిపోవడం మరో ఎత్తు.

విజయనగరం జిల్లాకు సముద్రతీరం ఉన్నది భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లోనే. ఇక్కడి పడవల్లో అధికభాగం హార్బరులో కట్టి ఉంచేవి కావు, అలల మీదుగా వచ్చి ఇసుక మీదికి లాగేవి. అందుచేత వీటికి వచ్చే జబ్బులు విశాఖ హార్బరులోని మరబోట్ల జబ్బుల కంటే భిన్నంగా ఉంటాయి. నీటిలో నిలిచే బోటుకు గుల్లలు, నాచు పట్టే బెడద ఎక్కువ. ఒడ్డున నిలిచే పడవకు అడుగు అరుగుదల, ఎండ దెబ్బ, ఎండిన ఉప్పు ప్రధాన శత్రువులు. చంపావతి సముద్రంలో కలిసే కోనాడ దగ్గర మొగలో పడవ కట్టుకునే వారికి మాత్రం ఈ రెండు బెడదలూ తప్పవు.

ఎండినా వదలని ఉప్పు

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీరు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు. పైగా గాలిలోని తేమను పీల్చుకునే గుణం దానికుంది. పగలు పొడిగా కనిపించిన ఇనుము తెల్లవారుజామున చెమ్మగిల్లడానికి కారణం ఇదే. అంటే పడవ ఒడ్డున ఉన్నా, బండి ఇంటి ముందు ఉన్నా తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. వాడని రోజుల్లో వస్తువు భద్రంగా ఉందనుకోవడం పొరపాటు. కడగకుండా మూలన పెట్టిన ఇంజనుకు రెండు నెలల విశ్రాంతి, రెండు నెలల వేట కంటే ఎక్కువ చేటు చేస్తుంది.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని పెద్దల మాట. ఇంజనుకూ అది అక్షరాలా వర్తిస్తుంది. ఖరీదైన స్ప్రేలు, పూతలు అన్నీ ఆ తరువాతే. ఉప్పు ఉన్న చోట నూనె రాస్తే ఉప్పు నూనె కింద దాగుతుంది, రంగు వేస్తే కొద్ది నెలల్లో బొబ్బలు లేస్తుంది. ముందు మంచినీటితో కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తరువాతే నూనె గాని, గ్రీజు గాని, రంగు గాని.

మండువేసవిలో తాగడానికే నీటికి కటకటగా ఉంటే ఇంజను కడగడానికి ఎక్కడి నుంచి తేవాలన్నది న్యాయమైన ప్రశ్నే. తీరానికి దగ్గరలోని బావులు, బోర్లు ఎక్కువగా తోడేకొద్దీ సముద్రపు నీరు లోపలికి చొచ్చుకొని ఉప్పబారతాయి. అయినా ఆ చవిటి నీటిలోని ఉప్పు సముద్రపు నీటి కంటే చాలా తక్కువ. మొదటి కడుగుడు దానితోనే కానిచ్చి, చివరి రెండు బిందెలు మాత్రం మంచినీరు వాడితే సరిపోతుంది. సబ్బు నురగ బాగా వచ్చే నీరైతే కడగడానికి పనికొస్తుందని ఒక మోటు గుర్తు. జూన్ నుంచి వాన చినుకు పడుతుంది కనుక రేకుల చూరు కింద ఒక డ్రమ్ము పెట్టుకుంటే వేట మొదలయ్యాక కడగడానికి లోటుండదు.

ఇంజను: పడవకు గుండెకాయ

సముద్రపు నీటిని లోపలికి తీసుకొని చల్లబడే అవుట్‌బోర్డు మోటార్లకు ప్రతి వేట తరువాతా లోపలి నీటి దారులను కడగాలి. ప్రొపెల్లరు తీసివేసి, నీరు పీల్చే రంధ్రాలు పూర్తిగా మునిగేలా మోటారును మంచినీటి డ్రమ్ములో నిలిపి, న్యూట్రల్‌లో తక్కువ వేగంతో 10 నుంచి 15 నిమిషాలు నడపాలి. ఇంజను నుంచి సన్నటి ధారగా నీరు చిమ్ముతూ ఉండాలి. ధార బలహీనపడినా, ఆగినా వెంటనే ఆపివేయాలి. దారిలో ఇసుక గాని ఉప్పు గడ్డ గాని అడ్డుపడి ఉండవచ్చు, లేదా లోపలి రబ్బరు ఇంపెల్లరు అరిగి ఉండవచ్చు. ఇసుక కలిసిన నీటిలో పడవను తోసే మన తీరంలో ఇంపెల్లరు త్వరగా అరుగుతుంది. ఏటా విరామంలో దానిని మార్చడం ఉత్తమం. నీరు లేకుండా ఇంజనును పొడిగా నడిపి చూడటం కొందరికి అలవాటు. అర నిమిషంలోనే ఇంపెల్లరు కాలిపోయే ప్రమాదముంది, కనుక ఆ అలవాటు మానుకోవాలి.

గేరు ఆయిలు చెప్పే సంగతి మరొకటి. కింది స్క్రూ విప్పి కొద్దిగా ఆయిలు బయటకు తీసి చూడాలి. అది పాలలా తెల్లబారి ఉంటే సీలు దాటి నీరు లోపలికి చేరిందని అర్థం. చాలాసార్లు ఇందుకు కారణం మన వలే. తెగిన నైలాన్ పోగు ప్రొపెల్లరు ఇరుసుకు చుట్టుకొని, తిరిగి తిరిగి సీలును కోసేస్తుంది. పైకి ఏమీ కనబడదు. నెలకోసారైనా ప్రొపెల్లరు విప్పి ఇరుసు చుట్టూ పోగులు ఉన్నాయేమో చూడటం పది నిమిషాల పని. నిర్లక్ష్యం చేస్తే గేరు పెట్టె మొత్తం మార్చాల్సి వస్తుంది. గోటితో పోయే దానికి గొడ్డలి అన్నట్టే.

మోటారు కింది భాగంలో బూడిద రంగు జింకు దిమ్మ ఒకటి ఉంటుంది. ఇంజను లోహానికి బదులు తాను కరిగిపోవడమే దాని పని. అది సగం అరిగితే మార్చాలి. చూడటానికి బాగాలేదని దానికి రంగు వేసేవారున్నారు. రంగు వేసిన దిమ్మ పనిచేయదు, అప్పుడు దాని వంతు కూడా ఇంజనే కరుగుతుంది. అలాగే అల్యూమినియం భాగానికి స్టీలు బోల్టు బిగించేటప్పుడు మరకు గ్రీజు రాయాలి. రెండు వేర్వేరు లోహాల నడుమ ఉప్పునీరు చేరితే వాటిలో బలహీనమైనది తినివేయబడుతుంది.

డీజిల్‌తో నడిచి, పొడవైన ఇరుసుతో ప్రొపెల్లరును తిప్పే గాలి చల్లదనపు ఇంజన్లకు నీటి దారులు ఉండవు. వాటికి రెక్కల మధ్య పేరుకున్న ఉప్పు, నూనె మడ్డి తొలగించడం, ఇరుసు బేరింగులకు గ్రీజు పట్టించడం, డీజిల్ ఫిల్టరు మార్చడం ముఖ్యం. ట్యాంకు అడుగున చేరిన నీటిని విరామం మొదట్లోనే వంపివేయాలి. పెట్రోలు, కిరోసిన్ ఇంజన్లకైతే కార్బురేటరులో ఇంధనం మిగల్చకూడదు. అది బంకగా మారి సన్నటి రంధ్రాలను మూసివేస్తుంది. స్పార్క్ ప్లగ్గు తీసి సిలిండరులో కొద్దిగా ఇంజను ఆయిలు పోసి, తాడు రెండు మూడుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు తిరిగి బిగించి నిటారుగా నిలపాలి.

పడవ బోల్తాపడి ఇంజను మునిగిన సందర్భంలో చేయాల్సినది చాలామందికి తెలియదు. ఒడ్డుకు తెచ్చి ఎండలో ఆరబెట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఉప్పునీరు తడిసిన లోహానికి గాలి తగిలిన కొద్ది గంటల్లోనే తుప్పు మొదలవుతుంది. వెంటనే మంచినీటితో లోపలా బయటా కడిగి, ప్లగ్గులు తీసి సిలిండరులోని నీరు వంపి, ఆయిలు మార్చి అదే రోజు నడపాలి. మెకానిక్ రావడం ఆలస్యమైతే ఇంజనును మంచినీటి డ్రమ్ములో ముంచి ఉంచడమే మేలు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, గాలి తగలకపోవడమే ఇందులోని కిటుకు.

ఫైబరు పడవకూ వైద్యం కావాలి

తెప్పల స్థానంలో ఫైబరు పడవలు వచ్చాక చెక్క తొలిచే పురుగు బాధ తగ్గింది. కానీ ఫైబరుకు తుప్పు పట్టదు కాబట్టి దానికి ఏ జబ్బూ రాదనుకోవడం సరికాదు. రోజూ ఇసుక మీద ఈడ్చడం వల్ల అడుగున నునుపైన పై పూత అరిగి, లోపలి గాజు పీచు బయటపడుతుంది. ఆ పీచు వత్తిలా నీటిని లోపలికి పీలుస్తుంది. పడవ బరువెక్కుతుంది, పొరలు విడిపోతాయి. నాణెంతో తట్టి చూస్తే గట్టి చోట టంగుమని, పొర విడిన చోట బోలుగా శబ్దం వస్తుంది. విరామం మొదటి వారంలోనే పడవను తిరగవేసి ఇలా అంగుళం అంగుళం తట్టి, బోలు శబ్దం వచ్చిన చోట సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

దెబ్బతిన్న చోట పైన ఒక ముక్క అతికించి రెజిను పూయడం తాత్కాలిక ఉపశమనమే. చెడిన పొరను పూర్తిగా చెక్కివేసి, అంచులను వాలుగా అరగదీయాలి. లోతు ఎంతైతే వాలు వెడల్పు దానికి సుమారు 12 రెట్లు ఉండాలి. అప్పుడే కొత్త పొర పాతదానిని పట్టుకుంటుంది. మంచినీటితో కడిగి కొన్ని రోజులు బాగా ఎండనివ్వాలి. అతికే పని మాత్రం నీడలోనే చేయాలి. మే నెల ఎండలో కలిపిన రెజిను పూసేలోపే గడ్డ కడుతుంది. కిలో రెజినుకు గట్టిపరిచే ద్రావకం 10 నుంచి 20 మిల్లీలీటర్లు వాడతారు. వేసవిలో తక్కువ మోతాదే చాలు.

ఈ పనిలో ప్రాణాలకే ముప్పు తెచ్చే తప్పు ఒకటుంది. ఊదా రంగులో ఉండే కోబాల్టు ద్రావకాన్ని, గట్టిపరిచే ద్రావకాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ నేరుగా ఒకదానితో ఒకటి కలపరాదు. మంట లేచి పేలుతుంది. ముందు కోబాల్టును రెజినులో వేసి పూర్తిగా కలిపిన తరువాతే రెండోది వేయాలి. రెండింటికీ ఒకే కొలత గ్లాసు వాడకూడదు. గట్టిపరిచే ద్రావకం కంటిలో పడితే చూపు పోయే ప్రమాదముంది. వెంటనే ధారాళంగా నీటితో కడుగుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. పక్కన బీడీ వెలిగించేవారిని దూరంగా పంపాలి. పిల్లలను ఆ దరిదాపులకే రానివ్వకూడదు.

ఇసుక మీద లాగేటప్పుడు సరుగుడు దుంగలు అడుగున వేస్తే అరుగుదల చాలావరకు తగ్గుతుంది. అడుగు దూలం పొడవునా అదనంగా రెండు మూడు పొరల ఫైబరు ముందే వేయించుకుంటే ఆ పొరే అరుగుతుంది, పడవ నిలుస్తుంది. ఇంకా చెక్క నావలు వాడేవారికి, ఫైబరు మరమ్మతులో సందేహాలున్న వారికి విశాఖపట్నంలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం అందుబాటులో ఉంది. కలప సంరక్షణ, పడవల నిర్మాణం ఆ సంస్థ చిరకాలంగా కృషి చేస్తున్న రంగాలు.

ట్రాలీ చక్రంలోకి సముద్రం

తుపాను హెచ్చరికలు వచ్చినప్పుడు, పడవను మరమ్మతుకు పంపాల్సి వచ్చినప్పుడు ట్రాక్టరు ట్రాలీయే ఆధారం. సరదాగా గాలం వేటకు వచ్చేవారు చిన్న పడవలను కారు వెనుక ట్రైలరుపై తెచ్చుకుంటారు. రెండింటికీ వర్తించే సూత్రం ఒకటుంది. దూరం నుంచి నడిచి వచ్చిన చక్రం హబ్బు వేడెక్కి ఉంటుంది. దానిని ఒక్కసారిగా అలల్లోకి దింపితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి ఉప్పునీటిని లోపలికి లాక్కుంటుంది. గ్రీజులో నీరు కలిస్తే బేరింగు గుండ్లపై మచ్చలు పడతాయి. ఆ తరువాత ఎప్పుడో నడిరోడ్డుపై చక్రం బిగుసుకుపోతుంది లేదా ఊడిపోతుంది. కనుక ఒడ్డుకు చేరాక అరగంట ఆగి, హబ్బు చేతికి చల్లగా తగిలిన తరువాతే నీటిలోకి దింపాలి. వీలైతే చక్రాలు మునగకుండానే దుంగల మీదుగా పడవను జార్చడం ఇంకా మంచిది.

ఏడాదికోసారి హబ్బు విప్పి, బేరింగులను కిరోసిన్‌తో కడిగి, మచ్చలుంటే మార్చి, నీటిని తట్టుకునే గ్రీజు గుండ్ల మధ్య నిండేలా చేత్తో కూరాలి. ఆయిల్ సీలు మాత్రం పాతది తిరిగి వాడకూడదు. చక్రాన్ని జాకీపై లేపి ఊపితే అటూఇటూ ఆడరాదు, తిప్పితే గరగరమనరాదు.

పడవను ఎక్కించేటప్పుడు బరువు వెనక్కి పడితే ట్రాలీ పాములా ఊగుతుంది. ఒక ఇరుసు ట్రాలీలో మొత్తం బరువులో పదో వంతు ముందు కొక్కెంపై పడేలా సర్దాలి. ఇంజనును పడవ వెనుక వేలాడదీసి తీసుకెళ్లవద్దు. భోగాపురం మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారిపై వాహనాల వేగం ఎంతో అందరికీ తెలిసిందే. వెనుక దీపాలు వెలగని ట్రాలీపై రాత్రివేళ పడవను తీసుకెళ్లడం ప్రాణాలతో చెలగాటమే. పగటిపూట వెళ్లడం, ముందు, వెనుక, రెండు పక్కలా తాళ్లతో బిగించడం, వెనుక ఎర్ర గుడ్డ కట్టడం కనీస జాగ్రత్తలు.

చేపల బుట్టలు మోసే మోపెడ్లు, మోటారు సైకిళ్ల సంగతి కొద్ది మాటల్లో చెప్పవచ్చు. ఐసు కరిగి కారే నీటిలోనూ ఉప్పు ఉంటుంది. అది చాసిస్, సైలెన్సరు, వెనుక చక్రం మీదే పడుతుంది. బుట్ట కింద రేకు గాని, రబ్బరు షీటు గాని అమర్చితే సగం సమస్య తీరుతుంది. సాయంత్రం ఒక బకెట్టు నీటితో కింది భాగం కడిగి, గొలుసును వారానికోసారి కిరోసిన్‌తో తుడిచి 90 గ్రేడు గేరు ఆయిలు వేయాలి. బ్యాటరీ కొనలకు పూసిన తెల్లటి పొడిని తినే సోడా కలిపిన నీటితో తుడిచి, ఆరాక వాజలీను రాయాలి. వాడేసిన ఇంజను ఆయిలును బండికంతా పట్టించే అలవాటు మాత్రం మంచిది కాదు. రబ్బరు భాగాలు ఉబ్బుతాయి. బ్రేకుల మీద పడితే బండి ఆగదు.

ఇల్లు: పెచ్చులూడటం చిన్న విషయం కాదు

తీరప్రాంత కాలనీల్లో శ్లాబుల కింద పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడిన ఇళ్లు అనేకం కనిపిస్తాయి. కాంక్రీటు లోపల ఇనుమును ఒక పలుచని పొర కాపాడుతూ ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను ఛేదిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి రాలుతుంది. అంటే పెచ్చు ఊడేనాటికే లోపల జబ్బు ముదిరిందన్నమాట. పైన సిమెంటు పూసి సున్నం వేస్తే కంటికి కనబడదు, అంతే. బోలుగా ఉన్న భాగాన్ని పూర్తిగా రాల్చి, చువ్వ వెనుక వరకు కాంక్రీటు చెక్కి, చువ్వను మెరిసేలా గీకి, తుప్పు నిరోధక పూత వేసిన తరువాతే పాలిమరు కలిపిన సిమెంటుతో పూడ్చాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే మేస్త్రీ మాటతో సరిపెట్టుకోకుండా ఇంజనీరుకు చూపించాలి. ఆ గదిలో పిల్లలను పడుకోబెట్టరాదు.

కొత్తగా కట్టుకునేవారు ఒడ్డు ఇసుక చౌక అని వాడితే జబ్బును చేతులారా గోడలో పెట్టుకున్నట్టే. చవిటి నీటితో కాంక్రీటు కలపడం, తడపడం కూడా అంతే. తీరంలో నేరుగా గాలికి ఎదురయ్యే కట్టడాలకు కనీసం ఎం30 శ్రేణి కాంక్రీటు, చువ్వల మీద 45 మి.మీ. మందం కవరింగు ఉండాలని ఐఎస్ 456:2000 ప్రమాణం చెబుతోంది. రాతి ముక్కలు, ఇటుక పెళ్లలు కాకుండా కొలతకు పోసిన కవరు బ్లాకులు వాడమని పట్టుబట్టాలి. శ్లాబు వేసే రోజు యజమాని అక్కడ ఉండి చూడాల్సినది ఇదే.

సీలింగు ఫ్యాను కొక్కెం, డాబా మీద నీటి ట్యాంకు కాళ్లు, రేకులను పట్టి ఉంచే జె బోల్టులు ఏటా ఒకసారి చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస సమీపంలో తీరం దాటాయి. రెండూ అక్టోబరులోనే. రేకులు, బోల్టుల పని వర్షాలకు ముందే ముగించుకోవాలనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఇక బట్టలారేసే ఇనుప తీగను ఈ విరామంలోనే తీసివేసి నైలాన్ తాడు కట్టుకోవాలి. తుప్పు పట్టిన సర్వీసు వైరు దానికి తగిలితే తడిబట్ట ఆరేసే మనిషి ప్రాణం పోతుంది.

జూన్ 14కు ముందు

పడవ నీటిలోకి దించే ముందు వారం రోజులు చేతిలో ఉండగానే ఇంజనును డ్రమ్ములో నడిపి చూడాలి. లోపం బయటపడితే విడిభాగం తెప్పించుకోవడానికి వ్యవధి మిగులుతుంది. వేట మొదలైన మొదటి రోజు ఒడ్డు కనిపించే దూరంలోనే ఒక గంట తిరిగి రావడం శ్రేయస్కరం. అదనపు స్పార్క్ ప్లగ్గు, ప్రొపెల్లరు పిన్ను, ఇంధన ఫిల్టరు, స్టార్టరు తాడు, స్పానర్లు ప్లాస్టిక్ డబ్బాలో మూత బిగించి పడవలో ఉంచుకోవాలి. మనిషికొక లైఫ్ జాకెట్, రెండు తెడ్లు, లంగరు తాడు ఉన్నాయో లేదో చూసుకోవాలి. సముద్రంలో ఆపద ఎదురైతే తీర రక్షక దళానికి 1554, మెరైన్ పోలీసులకు 1093 నంబర్లకు ఫోను చేయవచ్చు. ఈ రెండు నంబర్లను పడవ లోపలి పక్కన, తడిసినా చెరగని రంగుతో రాసి ఉంచాలి.